లార్క్‌హిల్‌లో రాసిన హిట్

“ఇంకో టార్ట్ తిను, కాదనను. ఆ స్కోరు పేజీ మాత్రం మార్చను,” అన్నాడు ఓరెస్ట్ మెల్నిక్.

నోరీన్ పళ్ళెం పక్కకి జరిపింది. ఆ వంటింటికి ఆమె రావడం ఇది మూడోసారి. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఊరూరా ఆడిన చిన్న లీగుల బేస్‌బాల్ చరిత్రని ఆమె పుస్తకంగా రాస్తోంది. సోమవారం అచ్చుకి వెళ్ళాలి. అన్ని ఊళ్ళూ అయిపోయాయి, లార్క్‌హిల్ ఒక్కటే ఈ డెబ్భై తొమ్మిదేళ్ళ మొండిఘటం దగ్గర ఆగిపోయింది.

ఒకప్పుడు లార్క్‌హిల్ మైదానంలో స్కోరు రాసేది ఓరెస్టే. బ్యాటర్ బంతి కొట్టి, తన సత్తాతో పరుగెత్తి బేస్ చేరితే హిట్. ఫీల్డర్ చేతకానితనం వల్ల చేరితే అది ఫీల్డర్ తప్పు, హిట్ కాదు. ఏది ఏదో తేల్చే హక్కు స్కోరర్ ఒక్కడిదే. ఆయన రాసింది మళ్ళీ ఆయనే మార్చాలి, లీగ్ అధ్యక్షుడు దిగొచ్చినా కుదరదు.

1955 ఆగస్టులో ఆ హక్కే ఊరి కొంప ముంచింది. సొంత ఊరి జట్టుకి బంతి విసిరే పిచ్చర్ ఎల్వుడ్ టాఫ్ట్ ఆఖరి ఇన్నింగ్స్ దాకా అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఇంకొక్కడు ఔటైతే హిట్ లేని ఆట అతని పేర నిలిచిపోతుంది. పిచ్చర్ జన్మలో ఒక్కసారి దక్కితే గొప్ప. అప్పుడు అవతలి జట్టు కుర్రాడొకడు కొట్టి దొర్లించిన బంతి నేరుగా ఫీల్డర్ చేతిలోకొచ్చి, జారి కిందపడింది. జనమంతా తప్పు, తప్పు అని అరిచారు. ఓరెస్ట్ మాత్రం హిట్ అని రాశాడు.

“మంగలి ఆ ఏడాదంతా నాకు జుట్టు కత్తిరించలేదు తెలుసా? మా ఆవిడ కత్తిరించేది. చర్చికి టోపీ పెట్టుకుని వెళ్ళేవాణ్ణి,” అన్నాడు ఓరెస్ట్.

“ఎల్వుడ్ గారికి గుండె జబ్బు ముదిరింది. ఈ చలికాలం దాటడం కష్టమంటున్నారు డాక్టర్లు. నిన్న ఆసుపత్రిలో చూసొచ్చాను.”

“ఏమన్నాడు?”

“మెల్నిక్ కళ్ళజోడు మార్చాడా అని అడిగారు.”

ఓరెస్ట్ పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక ముఖం వాడిపోయింది. “పాపం, మంచి పిచ్చర్. నిన్ను పంపింది కూడా వాడేనా?”

“పంపినాయన ముప్పై ఏళ్ళుగా ఈ మాటే పోరుతున్నారండీ. నా చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ ఆట సరిచేయించు, ఎవరిది వాళ్ళకి ఇప్పించు అని.”

“ఊఁ. ఎల్వుడ్ మొదట్నుంచీ అంతే, పట్టిన పట్టు వదలడు.”

నోరీన్ కాఫీ తాగింది.

“మీ కళ్ళు బాగానే ఉన్నాయని నాకు తెలుసు మెల్నిక్ గారూ,” అంది. “అది హిట్ కాదని మీకూ తెలుసు. మరెందుకు రాశారు?”

నలభై తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న తిట్టుగా తప్ప ఎవరూ అడగలేదు. ముసలాయన బల్ల మీది రొట్టెపొడిని అరచేత్తో కుప్ప చేశాడు.

“నేను పగలు రైలు స్టేషన్లో టికెట్లిచ్చేవాణ్ణి. ఆవేళ మధ్యాహ్నం అవతలి జట్టు మేనేజర్ వచ్చి ఒక్క టికెట్ కొన్నాడు. తిరుగు టికెట్ వద్దన్నాడు. ఎవరి పేర అని అడిగితే గాస్టన్ లవాలే అన్నాడు. ఆట అయ్యాక కుర్రాణ్ణి ఇంటికి పంపించేస్తున్నాం, వాడికింకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు అన్నాడు.”

“చెప్పలేదా?”

“ఎలా చెప్పను? పదకొండు ఆటలాడాడు, ఒక్క హిట్ లేదు. పంతొమ్మిదేళ్ళు. బంతి దొర్లించి మొదటి బేస్‌కి ఎలా పరిగెత్తాడనుకున్నావ్! వెనక పిచ్చికుక్క తరుముతున్నట్టు. సాయంత్రం బండికి వాడి పని అయిపోతుందని మైదానంలో తెలిసింది ఇద్దరికే, మేనేజర్‌కీ నాకూ. వట్టి చేతుల్తో ఎలా పంపను? ఎల్వుడ్‌కి ఇంకా పదేళ్ళ ఆట ఉంది, అలాంటిది మళ్ళీ సాధిస్తాడులే అనుకున్నాను. సాధించలేకపోయాడు. అది నా పాపం.”

నోరీన్ రాసుకోవడానికి తీసిన కలం మూసేసింది.

“ఏడుస్తావేమిటే పిచ్చిదానా!” ఓరెస్ట్ కంగారుగా చేతిరుమాలు అందించాడు. “ఇప్పుడు చెప్పు. నేను సంతకం పెడితే నీ పుస్తకంలో ఆ కుర్రాడి పేరు పక్కన ఏముంటుంది?”

“సున్నా.”

“కదా! వాడెక్కడో పొలం దున్నుకుంటూ, టాఫ్ట్ మీద నేను హిట్ కొట్టానని పిల్లలకి చెప్పుకుని ఉంటాడు. ఒకడికిచ్చింది లాక్కుని ఇంకొకడికిమ్మంటావా? ఎల్వుడ్ చచ్చిపోతున్నాడు, నాకు బాధ లేదా? అయినా ఆ లవాలే తనంతట తాను వద్దంటే తప్ప నేను కొట్టెయ్యను.”

“వద్దంటే సంతకం పెడతారా?”

“ఈ క్షణాన పెడతాను. కానీ వాణ్ణెక్కడ వెతుకుతావ్? ఎవడైనా తన ఒకే ఒక్క హిట్‌ని తీసెయ్యమంటాడా?”

నోరీన్ కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి స్కోరు సవరణ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. దాని మీద వణికే చేతి సంతకం ఒకటి అప్పటికే ఉంది.

“నన్ను పంపింది గాస్టనేనండీ, మా నాన్న.”