ఉత్తమ మార్గదర్శి

“జిగురు ఇంకా ఆరలేదు సార్. ఇప్పుడు తెరిస్తే కాగితాలు ఊడొస్తాయి.”

“ఐదింటికల్లా కమిటీ ముందు పెట్టాలోయ్! నీ జిగురు ఆరేదాకా కూర్చుంటారా వాళ్లు?” ప్రొఫెసరు గారు గుడ్లురిమారు.

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న ఆ బైండింగు షాపులో ఒకటే స్టూలు. దాన్ని ఆయన జేబురుమాలుతో రెండుసార్లు తుడిచి, ముఖం చిట్లించుకుంటూ కూర్చున్నారు. ఇలాంటి చోటికి ఆయన రావడమే గొప్ప. మామూలుగా అయితే ఈ తిరుగుళ్లన్నీ ఏ రీసెర్చ్ స్కాలరో చూసుకునేవాడు. ఇవాళ ఒక్కడూ ఫోనెత్తలేదు. విశ్వాసం లేని మనుషులు.

వచ్చే నెలాఖరుకు ఆయన రిటైర్మెంటు. ‘ఉత్తమ పరిశోధన మార్గదర్శి’ అవార్డు వస్తే ఇంకో రెండేళ్ల సర్వీసు, ఏసీ గది, వెనకాల సంచి మోసే శిష్యులు అన్నీ అలాగే ఉంటాయి. రాకపోతే సంచి తనే పట్టుకుని కూరగాయలకు వెళ్లాలి. 

అవార్డు కోరే గైడు తను చేయించిన థీసిసుల్లో అన్నిటికన్నా గొప్పది దరఖాస్తుకు జతచేయాలి. ఆయన యూనివర్సిటీ పాలకమండలి సభ్యుడి అల్లుడి థీసిస్ ఎంచుకున్నారు. అల్లుడు నాలుగేళ్లలో నాలుగుసార్లు కారులో వచ్చాడు. ఐదోసారి థీసిస్‌తో వచ్చాడు. ఎంత బుద్ధిమంతుడు! గైడును ఒక్క ప్రశ్న అడిగి విసిగించిన పాపాన పోలేదు.

“నిన్నెక్కడో చూశానోయ్,” అన్నారు ప్రొఫెసరు గారు, అట్టల మీద బరువులు పెడుతున్న బైండరును ఎగాదిగా చూస్తూ.

“మీ దగ్గరే రీసెర్చ్ చేశాను సార్. ఆరేళ్లు.”

అప్పుడు గుర్తొచ్చింది. గ్యాస్ సిలిండరు! ఇంటికి సిలిండరు తెచ్చిపెట్టమంటే ల్యాబులో పనుందన్న ఘనుడు వీడే. తర్వాత వాడు తెచ్చిన థీసిస్‌ను, పనికిరాదని గది బయటికి విసిరికొట్టారు. పన్నెండేళ్లయి ఉంటుంది. ఇప్పుడు చూడు, చొక్కా నిండా జిగురు మరకలు. ఆయన ప్రాణానికి భలే హాయిగా అనిపించింది.

“పొగరు తగ్గిందా మరి? చెప్పినట్టు విని ఉంటే ఈపాటికి డాక్టరువి అయ్యేవాడివి.”

“అవును సార్.”

“అట్ట మీద నా పేరులో ఒక్క అక్షరం తప్పుపోయిందో, నీ షాపు ఈ గేటు ముందు ఉండదు.”

“తప్పుపోదు సార్. మీ పేరు నాకు బాగా గుర్తు.”

ప్రొఫెసరు గారు ఒళ్లో దరఖాస్తు పెట్టుకుని నింపసాగారు. ఆరో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ‘ఈ పరిశోధనలో కొత్తగా తేలినదేమిటి?’ అల్లుడికి ఫోన్ చేస్తే, “మీకు తెలియనిదా సార్!” అని నవ్వి పెట్టేశాడు. పుస్తకం తెరిచి చూద్దామంటే జిగురు ఆరలేదు.

“ఏమోయ్, ఇందులో ఏముందో నువ్వేమైనా చూశావా?”

బైండరు తలెత్తలేదు. “తీరం పక్క బావులు వేసవిలో ఉప్పబారేది సముద్రం వల్ల కాదని సార్. లోతు బోర్లు ఎక్కువై, అడుగున ఎప్పటినుంచో ఉన్న ఉప్పునీరు పైకి రావడం వల్లనని తేలింది. నూట పన్నెండు బావులు, మూడు వేసవులు.”

కుట్టేటప్పుడు కాగితాలు తిరగేసి ఉంటాడనుకుని, ప్రొఫెసరు గారు చకచకా రాసేసుకున్నారు. రాస్తుంటే ఆయన ఛాతీ ఉప్పొంగింది.

“చూశావటోయ్! మండుటెండలో బావి బావికీ తిరిగి నీళ్లు తోడించాడు. పెద్దింటి అల్లుడికి ఆ అవసరమేంటి? పరిశోధనంటే అదీ! నువ్వూ ఉన్నావు, ఎందుకు? నీది దేని మీదో కూడా నాకు గుర్తులేదు.”

“చదివారా సార్?”

“నీ మొహం చూస్తే తెలియదూ? చదవాలేంటి?”

దరఖాస్తు చివర ఇలా ఉంది: ‘ఈ థీసిస్‌లోని ప్రతి పేజీ నేను చదివాను. దీన్ని మొదటినుంచీ దగ్గరుండి రాయించాను.’ దాని కింద ప్రొఫెసరు గారు తోక పొడుగ్గా లాగి సంతకం చేసి, కాగితం బైండరు మీదికి విసిరారు.

“స్కాన్ చేసి కమిటీకి పంపు. పుస్తకం నేను పట్టుకెళ్తాను.”

కాసేపటికి బైండరు కంప్యూటరు ముందునుంచి లేచాడు. “పంపేశాను సార్. అందిందని, ఇక మార్పులు కుదరవని జవాబు కూడా వచ్చింది.”

జిగురు ఆరింది. బైండరు చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకాన్ని రెండు చేతులతో అందించాడు. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు. ప్రొఫెసరు గారు తన పేరును అక్షరం అక్షరం వేలితో తడిమి చూసుకున్నారు. ఒక్క తప్పు లేదు. ఇక అవార్డు చేతికొచ్చినట్టే. అంత సంతోషంలో వాణ్ని ఇంకొక్కసారి ఎత్తిపొడవకుండా ఎలా వెళ్తారు?

“ఇంతకీ నీ థీసిస్ ఏం చేశావోయ్? పాత పేపర్లవాడికి వేశావా?”

“లేదు సార్. పోయినేడాది ఒకాయన కావాలని అడిగితే ఇచ్చేశాను.”

ప్రొఫెసరు గారు పగలబడి నవ్వారు. “దాన్ని అడిగే వెర్రివాడు కూడా దొరికాడా! ఇప్పుడెక్కడ తగలడిందో ఆ చెత్త?”

“మీ చేతిలోనే ఉంది సార్.”