సంతోషమ్మ సాక్ష్యం

చర్చి వెనుక రేకుల కింద రెబెకా టీ వడపోస్తోంది. పక్కన కప్పులు పట్టుకుని నిలబడ్డ మహిమ ఏదో అంది. రెబెకా పకపకా నవ్వింది. జాలీ పక్కకు ఒరిగి సగం టీ నేలపాలైంది.

కిటికీలోంచి చూసిన సంతోషమ్మకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఎన్నాళ్లయింది బిడ్డ నవ్వు విని.

పోయిన ఏడు డిగ్రీ చదువు మధ్యలో, కరీంనగర్ హాస్టల్లో, పిల్లకు ఎవరూ లేనిచోట మాటలు వినబడసాగాయి. మందులు వాడాక ఆ మాటలైతే ఆగాయి. వాటితో పాటే మనుషుల మీద రుచి కూడా పోయింది. నలుగురిలో కూర్చోబెడితే గోడకు ఆనించిన బస్తాలా ఉండేది.

సొంతూరు జమ్మికుంటలో మాత్రం, పిల్లకు టైఫాయిడ్ అని అందరికీ చెప్పారు.

ప్రతి గురువారం సంతోషమ్మ పత్తి మిల్లు పని మానుకుని, కూతుర్ని బస్సులో కరీంనగర్ తీసుకుపోయేది. అక్కడ ఆసుపత్రిలో కౌన్సెలింగ్ ఇచ్చే వనజ మేడం చేసేదంతా మాటలతోనే. ఈ వారం ఎవరిని కలుస్తావు? ఏం మాట్లాడుకుంటారు? అందులో నీకు ఏది బాగుంటుంది? అదంతా ముందే మనసులో చూసుకోమనేది. వాళ్లను కలిసి వచ్చాక ఆ కాస్త సంతోషాన్నీ గబుక్కున మింగేయకుండా, బెల్లం ముక్కలా చప్పరించమనేది.

రెబెకా "ఏం లేదు మేడం" అనేది. నెలల తరబడి అదే మాట.

ఐదో నెలలో మహిమ పేరు చెప్పింది. చిన్నప్పుడు సండే స్కూల్లో పక్కన కూర్చున్న పిల్ల. ఒక ఆదివారం ఆమెతో కలిసి టీ పెట్టాలి, అంతే. ఆ ఒక్క టీ కోసం మూడు వారాలు మాట్లాడుకున్నారు.

తల్లికి మేడం ఒకటే చెప్పింది. "ఎట్లయింది, ఏమయింది అని అడగకుర్రి. ఆమెనే చెప్తది."

సంతోషమ్మ అడగలేదు. కానీ మోకాళ్ల మీద ప్రభువుకు ఇచ్చిన మాట ఒకటుంది కదా. బిడ్డ మళ్లీ నవ్విన రోజు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెబుతానని.

ఇచ్చిన మాట తప్పే మనిషి కాదామె. అదే కొంప ముంచింది.

ఆ ఆదివారం చివరి పాట అయ్యాక పాస్టర్ ఎబినేజర్, సాక్ష్యం చెప్పేవాళ్లు ఉంటే లేవమన్నారు. ఆడపిల్లలిద్దరూ చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనుక వరుసలో కూర్చున్నారు.

సంతోషమ్మ లేచింది.

"మీకందరికి టైఫాయిడ్ అని అబద్ధం చెప్పిన. ప్రభువు క్షమించాలె. నా బిడ్డకు తలకాయ కరాబైండె. ఎవ్వలు లేని జాగల మాటలు ఇనవడేటియి. గియ్యాల నా కండ్లార నవ్వంగ చూసిన. దేవునికి స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. సంతోషమ్మ ఏడుస్తూ కూర్చుంది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు ఆ మహాతల్లి.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి రెబెకా తల మీద చెయ్యి వేసి ప్రార్థించారు. మంచి మనసుతోనే వేశారు, పాపం. మహిమ టీ తెచ్చింది. కప్పును రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లకు ఇచ్చినట్టు అందిస్తూ మెల్లగా తాగమని చెప్పింది.

రెబెకా తాగింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ తల్లితో ఒక్క మాట అంది.

"మహిమకు నేనే చెప్దామనుకున్న అవ్వా."

ఆ తర్వాత చర్చికి రాలేదు.

గురువారం సంతోషమ్మ వనజ మేడం ముందు అంతా చెప్పుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేడం తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెడదామంది.

మళ్లీ గురువారాలు. మళ్లీ "ఏం లేదు మేడం".

మిల్లులో పత్తి ఏరుతూ సంతోషమ్మ ఆ ఆదివారాన్ని వెనక్కి తెచ్చుకునేది. ఈసారి లేవకుండా కూర్చున్నట్టు అనుకుందామని చూసేది. ఎన్నిసార్లు అనుకున్నా లేచే నిలబడేది.

సీతాఫలాల రోజుల్లో ఒకసారి, తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. రెబెకాకు ముందు సీట్లో ఒక ముసలామె పక్కన చోటు దొరికింది. తల్లి వెనుక కమ్మీ పట్టుకుని నిలబడింది.

ముసలామె పేరు చంద్రవ్వ అట. బస్సంతా వినబడేలా చెప్పుకుంది. పండు విప్పి సగం రెబెకా చేతిలో పెట్టి, వాళ్ల ఊళ్లో కోతి ఒకటి తన పళ్లగంప ఎత్తుకుని సర్పంచి మేడ ఎక్కిన ముచ్చట మొదలుపెట్టింది.

మానకొండూరు దాటేసరికి రెబెకా నవ్వింది. గుప్పెట్లో గింజలు పట్టుకుని, నోరారా నవ్వింది.

సంతోషమ్మ అటు తల కూడా తిప్పలేదు. తిప్పితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

హుజూరాబాద్‌లో జనం దిగారు. పక్క వరుసలో సీటు ఖాళీ అయింది. కండక్టర్ కూర్చోమంటే ఆమెకు కూర్చోక తప్పలేదు. చంద్రవ్వ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"గీ పిల్ల నీ బిడ్డనా? మొఖం అచ్చు నీ లెక్కనే ఉన్నది."

రెబెకా నవ్వు ఆగిపోయింది. తల్లి నోటివైపే చూస్తూ బిగుసుకుపోయింది.

సంతోషమ్మ కొంగు సర్దుకుంది.

"కాదక్కా," అంది. "ఎవలో ఏమో. నాకు ఎర్కలేదు."

చంద్రవ్వ నమ్మింది.

రెబెకా కాసేపు తల్లినే చూసింది. తర్వాత చంద్రవ్వ వైపు తిరిగి, ఇంతకీ ఆ కోతి గంప తిరిగిచ్చిందా అని అడిగింది.