ఇయ్యాలే ఆఖరు

నరసరావుపేట డేరా సినిమాకి పన్నెండేళ్లు జట్కా మీద తిరిగి, రేకు బాకాతో ఊరూరా ప్రచారం చేసిన ఇన్నయ్య ఈ మధ్యే పేదల ఇళ్ల సంఘంలో అదే పనికి చేరాడు. జట్కా అదే, బాకా అదే. సరుకే మారింది.

"ఇయ్యాలే ఆఖరు! పెంకుటిల్లు కావాల్సినోళ్లు పొద్దుగూకేలోగా పేరు రాయించుకోండహో!"

అతని సొంత పాలెంలోనే ఒక్కరూ కదల్లేదు. సాయంత్రానికి ఇరవై పేర్లయినా రాకపోతే ఆ ఇళ్లు వేరే ఊరికి పోతాయి.

గుడిసె ముందు చుట్ట కాలుస్తున్న దేవమ్మ నవ్వింది. "నువ్వు ఇయ్యాలే ఆఖరన్న ఆట ఇరవై రోజులు ఆడిందిరా. రేపు చూద్దాంలే."

"ఇది సినిమా కాదు పెద్దమ్మా. నిజంగానే ఆఖరు."

"అప్పుడూ ఇదే మాట చెప్పావు."

ఇన్నయ్య జట్కా దిగాడు. బాకా జట్కాలో పడేసి, బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న సంఘం కార్యదర్శి ముందు నిలబడి తన పేరు రాయించుకున్నాడు.

అరిచేవాడే లైన్లో నిలబడటం పాలెం ఎన్నడూ చూడలేదు. దేవమ్మ చుట్ట ఆర్పేసి వెనకాలే వచ్చింది. ఆమె వెనక కోడలు, ఆ వెనక పక్కింటివాళ్లు. పొద్దుగూకేసరికి ఇరవై మూడు పేర్లు.

కార్యదర్శి పొంగిపోయాడు. "జనం రాకపోతే డేరా ముందు మీవాళ్లనే లైన్లో నిలబెట్టేవాళ్లంట గదా! ఎత్తు చానా బాగా పారిందయ్యా. ఇంక నీ పేరు కొట్టేయనా?"

"ఉంచండి బాబూ," అన్నాడు ఇన్నయ్య. "మా ఇల్లూ కురుస్తంది."