ఎనిమిది చీటీలు

"జమాల్ బాషాను స్టాండులో నుంచి తీసేసేకి ఒప్పుకునేటోళ్లు చెయ్యెత్తండప్పా" అన్నాడు చౌడప్ప. రాప్తాడు ఆటో స్టాండుకు అతనే అధ్యక్షుడు.

డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎర్రిస్వామి చెయ్యి లేచింది. అది చూసి పక్కవాడిది, వాడిని చూసి ఇంకొకడిది. చౌడప్పతో కలిపి ఎనిమిది చేతులూ పైకి లేచాయి.

హైవే దగ్గరి స్టాండువాళ్లతో వీళ్లకు పడదు. వాళ్ల ఇంటి మనుషులను ఎవరూ ఎక్కించుకోకూడదని సంఘం తీర్మానం చేసింది. నిన్న మధ్యాహ్నం వేరుశనగ చేలో పాము కరిచిన ముసలామెను జమాల్ బాషా అనంతపురం పెద్దాసుపత్రికి చేర్చాడు. ఆమె ఆ స్టాండు డ్రైవరు అంజినప్ప తల్లి.

"తెలిసే ఎక్కించుకున్యావా?" అడిగాడు చౌడప్ప.

"తెలిసే. ఆయమ్మ నోట్లోనుంచి నురగ కక్కుతాంటే, మీది ఏ స్టాండని అడగమంటావా చౌడన్నా?"

జమాల్ అందరి వైపూ తిరిగాడు. పదేళ్లుగా పక్కపక్కన ఆటోలు పెట్టుకున్నవాళ్లు. ఒక్కడూ అతని కళ్లలోకి చూడలేదు.

ఇట్లా కాదు, పేరు లేకుండా చీటీల మీద రాయండన్నాడు జమాల్. చౌడప్పకు ఏ అనుమానమూ లేదు, సరేనన్నాడు. నోటుపుస్తకంలోని కాగితం చింపి ఎనిమిది ముక్కలు చేశారు. ఒక్కొక్కరూ తమ ఆటో చాటుకు పోయి రాసి, మడిచి, తోటి డ్రైవరు రామాంజులు తువ్వాలులో వేశారు.

రామాంజులు విప్పి చదవడం మొదలుపెట్టాడు.

"ఉండనీ."

"ఉండనీ."

"వాని తప్పేమీ లేదు, ఉండనీ."

చదివే కొద్దీ అతని గొంతు తగ్గిపోయింది. ఎనిమిది చీటీల్లోనూ అదే మాట. అంటే చౌడప్ప చీటీలో కూడా.

చౌడప్ప మొహం నల్లబడింది. చీటీలు లాక్కుని చించి పారేశాడు. చాటున రాసిన రాతలు చెల్లవన్నాడు. నలుగురి ముందర చెప్పిందే సంఘం మాట అన్నాడు.

"మళ్లా ఎత్తండి. తీసేయాలనేటోళ్లు."

జమాల్ బాషా వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూశాడు. ఎర్రిస్వామిని, రామాంజులును, చివరికి చౌడప్పను.

ఈసారి తొమ్మిది చేతులు లేచాయి. అన్నిటికంటే ముందు లేచింది జమాల్ బాషాది.