తేడా లేదు

"ఎవరి ఉప్పు తిని రాశారయ్యా ఈ మాట? గోడౌన్ వాళ్ళదా? పెద్దాఫీసు వాళ్ళదా? మా వీధిని బతికుండగానే పూడ్చిపెట్టారు కదయ్యా!"

దర్జీ అత్త రిపోర్టుల కట్ట తెచ్చి బల్ల మీద విసిరికొట్టింది. గాజు గొట్టాలు గలగలలాడాయి. ల్యాబు సారు చెయ్యి అడ్డుపెట్టి వాటిని ఆపాడు.

ఆమె కుట్టుమిషను తొక్కుతుంది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ అత్తే. ఆ వీధి వెనకే పాత పురుగుమందుల గోడౌన్. అది మూతపడి చాలా ఏళ్ళయింది. అందులో అమ్మిన పొడిమందును ప్రభుత్వమే నిషేధించింది. నిషేధించామని కాగితం మీద రాస్తే మట్టి వింటుందా? వానపడితే ఇప్పటికీ బావినీళ్ళు ఘాటు వాసన కొడతాయి. అత్త మొగుడు ఒకప్పుడు వీధి మొత్తానికీ చొక్కాలు కుట్టినవాడు. ఇప్పుడు చేతుల వణుకుతో సూదిలో దారం కూడా ఎక్కించలేడు.

వీధి వీధంతా రక్తం ఇచ్చింది. ఇప్పించింది అత్తే. రక్తంలో విషం ఉందని తేలితే ఆ బావి మూసి, మంచినీళ్ళ పైపు వేస్తామన్నారు పెద్దాఫీసు వాళ్ళు. తేలకపోతే అత్త మనవరాలికి కూడా ఆ నీళ్ళే గతి.

అందరి రిపోర్టుల్లోనూ ఒకటే మాట. తేడా లేదు.

"నేనెవరి ఉప్పూ తినలేదమ్మా," అన్నాడు సారు. నిజమే. లంచం మొహం చూడని మనిషి. "యంత్రం దానంతట అది చెప్పదు. ముందు దానికి శుభ్రమైన రక్తం చూపించాలి. తర్వాత మీది. దానికన్నా మీలో ఎంత ఎక్కువుంటే అంత విషం ఉన్నట్టు. మీలో ఎవరికీ ఎక్కువ లేదు."

"ఆ శుభ్రమైన రక్తం ఏ మహానుభావులదో?"

"పేరు చెప్పకూడదు. బాగా ఎంచి తీసుకున్నదే. ఊరికి ఆ చివర, మిట్ట మీద ఇల్లు. వడగట్టిన నీళ్ళు. పొలం మొహం ఎరగరు. కూరలు కూడా పెరట్లో పండించుకున్నవే. ఒక్క చుక్క పురుగుమందు కొట్టరు. అయినా మొక్కకి పురుగన్నదే పట్టదు."

"పురుగులకి కూడా ఉన్నోళ్ళంటే భయమే కాబోలు!"

సారుకి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"మరి విషమే లేకపోతే ఆ గోడౌన్ నేలంతా పెద్దాఫీసు వాళ్ళు తవ్వి లారీలకి ఎందుకెత్తారు? ఎక్కడ పోశారయ్యా అంటే ఒక్కడూ నోరు విప్పడే!"

"ఎవరో మెరక వేసుకోవడానికి పట్టుకెళ్ళుంటారు లెండి. తీసేశారుగా, ఇంకేం భయం?"

అత్త కోపం అక్కడితో అయిపోయింది. కుర్చీలో కూలబడింది.

"ఏ మొహం పెట్టుకుని వీధిలోకి వెళ్ళనయ్యా? సూది చూసి పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే, నేనే ఒళ్ళో అదిమిపట్టి గుచ్చించాను. ఇప్పుడు అందరూ ఏమంటారు? ఊరికే మా రక్తం పోయించింది అనరూ?"

సారు తల తిప్పుకున్నాడు. కిటికీ దగ్గర సంచిలో కీరదోసకాయలున్నాయి, లేతవి. సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళండమ్మా. పాపకి పెట్టండి."

వద్దనలేకపోయింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"తేడా లేదంటే మేమూ ఆ మిట్ట మీది వాళ్ళూ ఒకటేనన్నమాట. సంతోషం! పుట్టి బుద్ధెరిగాక మమ్మల్ని ఒకళ్ళతో సమానం చేసింది మీరే."

వెళ్ళిపోయింది. ఆ మాట వెళ్ళలేదు.

సారు యంత్రాన్ని కడిగాడు. ఈసారి వీధి రక్తం జోలికి పోలేదు. ఆ శుభ్రమైన రక్తం ఒక్కటే పెట్టాడు. ఏమీ కలవని ఒట్టి ద్రావణితో పోల్చి చూశాడు.

తెర మీద గీత లేచింది. కొండలా లేచింది.

వెంటనే ఒక లారీ డ్రైవరుకి ఫోన్ చేసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. జవాబు విని కిటికీ వైపు చూశాడు. అక్కడ సంచి లేదు.

చేతి తొడుగులు కూడా విప్పకుండా పరిగెత్తాడు.

అత్త ఇంటి మెట్ల మీద మనవరాలు కూర్చుని కీరదోస కొరుకుతోంది. సారు వంగి ఆ కాయ లాక్కున్నాడు. నోట్లో వేలు పెట్టి ముక్క కూడా తీసేశాడు. పిల్ల గొల్లుమంది. లోపల కుట్టుమిషను ఆగింది.

"నీ పిసినారితనం మండ! ఇచ్చిన కాయ పసిదాని నోట్లోంచి లాక్కుంటావా?" అత్త కత్తెరతోనే బయటికొచ్చింది.

"రక్తం తీసుకున్నది చాల్లేదేమో అత్తా, కాయ కూడా కావాలంట!" అంది పక్కింటావిడ. వీధి నవ్వింది.

సారు తల ఎత్తలేదు.

"నేను రాసిందంతా తప్పమ్మా. ఆ బావి ఇవాళే మూయించాలి. మీ అందరి రక్తం మళ్ళీ చూడాలి. ఆ లారీలు ఎక్కడెక్కడ దిగాయో పెద్దాఫీసు వాళ్ళ చేత కక్కించాలి. రేపూ ఎల్లుండీ కాదు, ఇప్పుడే. పదండి, ముందు నేను నడుస్తా."

"ఇందాక లేని మట్టి గొడవ ఇప్పుడెందుకు పట్టుకుంది నీకు?"

సారు కొరికిన కీరదోసను ఆమె ముందుకి చాపాడు.

"ఎక్కడి మట్టని అడక్కుండా ఒక లారీ మా పెరట్లో నేనే పోయించుకున్నానమ్మా, ఈ కాయ అక్కడిదే, ఆ శుభ్రమైన రక్తం నా కూతురిది."