మొదటి ముద్ర

"హెల్ప్ చెయ్యను నాన్నా. క్లూ నువ్వే సాల్వ్ చెయ్యాలి. అదే రూల్," అంది హంసిక చేతులు కట్టుకుని.

గోపాల్‌కి ఒళ్ళు మండింది. పదకొండేళ్ళ పిల్లకు ఇన్ని నియమాలూ నిష్ఠలూ ఎక్కడివో అర్థం కాలేదు. పొద్దున కాఫీకి పాలు తీయబోయినవాడు, కాఫీ మాటే మరిచిపోయి, నిద్రకళ్ళతో ఉన్న కూతుర్ని కారెక్కించాడు. అమెరికాలో వాళ్ళుండే కమ్మింగ్ అనే ఊరి నుంచి ముప్పావు గంట డ్రైవ్.

ఒకప్పుడు గూడ్సు బండ్లు నడిచిన దారి అది. పట్టాలు పీకేసి నున్నగా తారు పోశారు. ఇప్పుడు సైకిళ్ళు తిరుగుతున్నాయి. వెనక నుంచి ఎవరైనా "ఆన్ యువర్ లెఫ్ట్!" అని, అంటే నీ ఎడమపక్క నుంచి దాటుతున్నానని, అరిచినప్పుడల్లా గోపాల్ కంగారులో ఎడమవైపే గెంతుతున్నాడు. ఇప్పటికి ముగ్గురు సైకిలువాళ్ళు వెంట్రుకవాసిలో బతికిపోయారు.

అతను వెతుకుతున్నది లెటర్‌బాక్స్. ఉత్తరాలు వేసేది కాదు. ఒక డబ్బాలో రబ్బరు స్టాంపు, చిన్న పుస్తకం పెట్టి ఎవరో చెట్ల మధ్య దాస్తారు. ఆచూకీ నెట్‌లో పెడతారు. కనిపెట్టినవాళ్ళు తమ ముద్ర ఆ పుస్తకంలో వేసి, డబ్బాను మళ్ళీ అక్కడే దాచెయ్యాలి. కొత్త డబ్బాలో మొదటి ముద్ర వేసినవాడికి ఆ లోకంలో మహా గౌరవం.

ఈ డబ్బా తనకంటే ముందు ఇంకొకరి చేతికి చిక్కిందా, గోపాల్ ఇక ఇంట్లో తలెత్తుకోలేడు. ఎందుకంత పట్టుదలో హంసికకు చెప్పలేదు. ఆ పిల్లకు చెబితే వాళ్ళమ్మకు చెప్పినట్టే.

ఫోన్‌లో క్లూ మళ్ళీ చదివాడు. ‘కూత రాయి దగ్గర నిలబడు. ముప్పై అడుగులు నడు. ముగ్గురు అన్నదమ్ముల్లో పొట్టివాడి కాళ్ళ దగ్గర చూడు.’

"ఇదేం క్లూ! రాసినవాళ్ళకి బుర్రనేదుందా?"

"ఇట్స్ ఎ గుడ్ క్లూ," అంది హంసిక మూతి ముడుచుకుని.

కూత రాయి దొరికింది. ఇక్కడ కూత పెట్టమని రైలు డ్రైవరుకి చెప్పే సిమెంటు రాయి. గోపాల్ అక్కణ్ణుంచి ముప్పై అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, తిన్నగా ముళ్ళపొదలోకి వెళ్ళాడు. బయటికొచ్చి ప్యాంటు దులుపుకున్నాడు. కాసేపు హంసిక బూట్లకేసి చూశాడు. మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళి, ఈసారి పొట్టి పొట్టి అడుగులు వెయ్యడం మొదలుపెట్టాడు.

పన్నెండో అడుగులో ఫోన్ మోగింది. భార్య నళిని.

"ఏమండీ, పొద్దున్నే ఎక్కడికి పోయారు? రేపు పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు, గుర్తుందా? గ్యాలన్ పాలు స్టవ్ మీద పెట్టాను."

"పాలు చల్లారేలోపు ఇంట్లో ఉంటాను."

"పాలు చల్లారడానికి మీరెందుకు?"

గోపాల్ ఫోన్ పెట్టేశాడు. తలెత్తేసరికి కూత రాయి దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ముసలి అమెరికన్ దంపతులు. ఇద్దరి మెడల్లోనూ స్టాంపుల సంచులు. ముసలాయన అప్పుడే అడుగులు లెక్కపెడుతున్నాడు.

ఇక గోపాల్ లెక్క మానేసి పరిగెత్తాడు. ఎదురుగా మూడు పైన్ చెట్లు. పొట్టిదాని మొదట్లోకి దూకి, రెండు చేతులా ఆకులు తోడేశాడు. వేళ్ళ సందులో ప్లాస్టిక్ కవరు చుట్టిన తెల్ల డబ్బా!

"కంగ్రాట్స్! ఫస్ట్ ఫైండ్ నీదే!" ముసలావిడ పెద్దమనసుతో చప్పట్లు కొట్టింది. "ఓపెన్ చెయ్యి. నీ తర్వాత మేం స్టాంప్ వేస్తాం."

గోపాల్ మూత తియ్యలేదు. డబ్బాను ఊపి చూడబోయి, గభాలున ఆగిపోయాడు. వాసన చూశాడు. గుండెలకు హత్తుకున్నాడు.

"దీన్ని నేను ఇంటికి తీసుకెళ్ళాలి," అన్నాడు.

ముసలావిడ నవ్వు ఆరిపోయింది. "సర్, అది ఇక్కడే ఉండాలి. తీసుకెళ్తే దొంగతనం అంటారు."

"నాన్నా! యూ కాంట్ టేక్ ఇట్!" హంసికకు ఏడుపొచ్చేసింది.

గోపాల్‌కి సిగ్గేసింది. అయినా పరిగెత్తాడు, డబ్బా ఏ పక్కకూ ఒరగకుండా రెండు చేతులా పట్టుకుని. ముసలాయన వెనక నుంచి ఫోటో తీశాడు. నాలుగో సైకిలువాడు పొదలోకి పోయాడు.

కారులో డబ్బాకు ముందు సీటు దక్కింది. సీటుబెల్టు కూడా దక్కింది. అక్టోబరు చలిలో గోపాల్ ఏసీ ఫుల్లుగా పెట్టాడు. వెనక సీట్లో హంసిక వణుకుతూ ఏడుస్తూ, మా నాన్న క్రిమినల్ అని తీర్మానించేసింది.

"నీకు ఐస్‌క్రీమ్ కొనిపెడతాను తల్లీ."

"ఐ వాంట్ జస్టిస్!"

ఇంటికొచ్చేసరికి పదకొండైంది. గోపాల్ డబ్బాను వీపు వెనక దాచుకుని, పిల్లిలా వంటింట్లోకి అడుగుపెట్టాడు. నళిని పాలలో చిటికెన వేలు ముంచి చూసుకుంటోంది. రెండో చేతిలో అచ్చం అలాంటిదే ఇంకో తెల్ల డబ్బా ఉంది.

"నిన్న స్కూలు ట్రిప్పుకి హంసిక బ్యాగు సర్దింది మీరేగా?" అంది చాలా నెమ్మదిగా.

గోపాల్ వీపు వెనక డబ్బాను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"తోడు వేద్దామని ఫ్రిజ్‌లో డబ్బా మూత తీస్తే, నిన్న పిల్ల అడవిలో దాచొచ్చాననుకుంటున్న స్టాంపూ పుస్తకమూ ఇందులోనే ఉన్నాయి, మరి హంసిక పుట్టిన దగ్గర్నుంచీ నేను కాపాడుకొస్తున్న తోడు పెరుగుని పిల్ల చేత ఏ చెట్టు కింద పెట్టించారండీ?"