భయం తీసే పట్టీ

ఆపరేషన్‌కు వచ్చిన ప్రతివాళ్లకూ ఆస్పత్రిలో మణికట్టుకు ఒక పట్టీ కట్టేవారు. కట్టగానే భయం పోయేది. గర్భసంచిలో గడ్డలు తీయించుకోవడానికి వచ్చిన సువర్చలకూ కట్టారు.

ఆడపడుచు కౌముది ఆమెకు జడ వేస్తూ, "గర్భసంచి కూడా తీసేస్తారేమో అడిగావా వదినా?" అంది.

"తీస్తే తీయనీలే."

ఆరేళ్లుగా బిడ్డ కోసం ఎదురుచూస్తున్న మనిషి అన్న మాట అది! కౌముది చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆ ముఖం చూసి సువర్చల తన పట్టీ విప్పేసింది. కాసేపటికి పోయిన భయమంతా తిరిగొచ్చింది. డాక్టర్‌ను పిలిపించింది.

"ఎందుకు తీశారమ్మా?" అంది డాక్టర్.

"అది ఉంటే మిమ్మల్ని ఏదీ అడగాలనిపించట్లేదండీ. నా గర్భసంచి ఉంచుతారా?"

డాక్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. "గడ్డలే తీస్తాం. రక్తం ఆగకపోతే మాత్రం సంచి తీయక తప్పదు. అప్పుడేం చెయ్యమంటారు?"

సువర్చల ఏడ్చింది. "ప్రాణం కాపాడండి. కానీ చివరిదాకా ప్రయత్నించండి."

పట్టీ మళ్లీ కట్టించుకోలేదు. కౌముది చెయ్యి పట్టుకుని థియేటర్ దాకా నడిచింది.

మెలకువ రాగానే వదిన పెదవులు కదలడం చూసి కౌముది వంగింది.

"ఉంది వదినా, ఉంది."